ద్రాక్షతోట ముందా, రుచి గది ముందా?

వ్యవసాయ పర్యాటకాన్ని గురించిన చర్చ ఎక్కడ జరిగినా, కాలిఫోర్నియాలోని నాపా లోయ ప్రస్తావన రాక మానదు. ద్రాక్షతోటల నడుమ అందమైన భవనాలు, వాటిలో సందర్శకులకు వైన్ రుచి చూపించే గదులు, వారాంతాల్లో బారులు తీరే కార్లు: ఈ దృశ్యాన్ని చూపించి, రైతు ఆదాయం పెరగాలంటే తోటను సందర్శన స్థలంగా మార్చడమే మార్గమని వాదించేవారు ఉన్నారు. ఈ వాదనలో సగం నిజం ఉంది. మిగిలిన సగం అతిథికి కనిపించే గదిలో కాక, ఆ లోయను పాలించే కౌంటీ భూవినియోగ చట్టాల్లో ఉంది. గదిని చూసి వచ్చినవారు అనేకులు. చట్టాన్ని చదివి వచ్చినవారు అరుదు.

నాపా లోయ పెద్దది కాదు. పొడవు సుమారు 48 కిలోమీటర్లు, అత్యధిక వెడల్పు 8 కిలోమీటర్లు మాత్రమే. కాలిఫోర్నియాలో పండే వైన్ ద్రాక్షలో దీని వాటా 4 శాతం మేరకే ఉంటుంది. ఇంత చిన్న ప్రాంతానికి అంత పేరు రావడానికి నేల, వాతావరణం ఎంత కారణమో, సందర్శకుడిని తోట గుమ్మం వరకు రప్పించిన పద్ధతి అంతే కారణం. 1920 నుండి 1933 వరకు అమలైన మద్యనిషేధం ఆ లోయలోని వైనరీలను దాదాపు తుడిచిపెట్టింది. నిషేధం ఎత్తివేసిన మరుసటి సంవత్సరమే, అంటే 1934లో, బెరింజర్ వైనరీ ప్రజలను లోపలికి ఆహ్వానించి తయారీని చూపించడం ఆరంభించింది. 1966లో రాబర్ట్ మొండావి ఓక్‌విల్‌లో కొత్త వైనరీని కట్టినప్పుడు దానిని కేవలం కర్మాగారంగా కాక, అతిథులు తిరిగి చూసి, నేర్చుకొని, రుచి చూసి వెళ్ళే స్థలంగా రూపొందించాడు. 1976 మే 24న పారిస్‌లో జరిగిన అజ్ఞాత రుచి పరీక్షలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలే నాపా వైన్‌లను రెండు విభాగాల్లోనూ ప్రథమ స్థానంలో నిలిపారు. ఎర్ర వైన్‌లలో స్టాగ్స్ లీప్ వైన్ సెల్లర్స్ వారి 1973 కాబర్నే సావిన్యాన్, తెల్ల వైన్‌లలో షాతో మాంటెలీనా వారి 1973 షార్డొనే గెలిచాయి. ఆ తరువాత లోయకు వచ్చే సందర్శకుల రాక బాగా పెరిగిందనే చెప్పాలి.

టేస్టింగ్ రూమ్‌లో జరిగే పని తెలియనివారికి అది మద్యశాల వలె తోచవచ్చు. వాస్తవానికి అక్కడ గ్లాసులో పోసేది అడుగున కొద్దిగా, సుమారు 30 మిల్లీలీటర్లు. తేలికైన వాటి నుండి గాఢమైన వాటికి, తీపి లేని వాటి నుండి తియ్యని వాటికి ఒక క్రమంలో నాలుగైదు రకాలు అందిస్తారు. గ్లాసును తిప్పి వాసన చూడడం, నోట పుక్కిలించి పక్కనున్న పాత్రలో ఉమ్మివేయడం అక్కడ మర్యాదకు లోటు కాదు. కారు నడుపుకుంటూ వచ్చినవారికి అదే వివేకం. పోసే వ్యక్తి ఆ ద్రాక్ష ఏ వాలు మీద పండిందో, ఆ ఏడాది వేసవి ఎంత వేడిగా ఉందో, ఓక్ పీపాలో ఎన్ని నెలలు నిలవ ఉంచారో వివరిస్తాడు. ఒకే రకం ద్రాక్షను లోయ అడుగున, కొండ మీద పండించి పక్కపక్కన రుచి చూపించినప్పుడు, నేల స్వభావం పంట నాణ్యతను ఎంతగా మారుస్తుందో సామాన్యుడికి పది నిమిషాల్లో అర్థమవుతుంది. వ్యవసాయ విస్తరణ కార్యకర్తలు చార్టుల సాయంతో చెప్పలేకపోతున్న విషయం అది.

దీని వెనుక ఉన్న ఆర్థిక కారణం మరింత స్పష్టమైనది. మద్యనిషేధం తరువాత అమెరికాలో అమలులోకి వచ్చిన మూడంచెల విధానంలో ఉత్పత్తిదారు టోకు వ్యాపారికి, అతడు చిల్లర వర్తకుడికి, అతడు వినియోగదారుడికి అమ్ముతారు. ఈ దారిలో పోయిన సీసా చిల్లర ధరలో తయారీదారు చేతికి వచ్చేది సుమారు సగమే. తన గదిలో తానే అమ్మితే మొత్తం ధర అతనిదే. ఏటా కొన్ని వేల పెట్టెలు మాత్రమే తయారుచేసే చిన్న వైనరీని పెద్ద టోకు వ్యాపారి పట్టించుకోడు. అటువంటి వారికి రుచి గది అలంకారం కాదు, బ్రతుకుతెరువు. 2005లో గ్రాన్‌హోమ్ వర్సెస్ హీల్డ్ కేసులో అమెరికా సర్వోన్నత న్యాయస్థానం, సొంత రాష్ట్ర వైనరీలకు నేరుగా సరఫరా చేసే అవకాశమిచ్చి పొరుగు రాష్ట్రాల వారికి నిరాకరించడం చెల్లదని తీర్పునిచ్చింది. దానితో గదికి వచ్చి పేరు నమోదు చేసుకున్న అతిథి ఇంటికి తిరిగి వెళ్ళిన తరువాత కూడా ఏడాది పొడవునా కొనుగోలుదారుగా మిగిలే వీలు విస్తరించింది. ఇంతవరకు పర్యాటకాన్ని సమర్థించేవారి వాదన సరైనదే.

అయితే గది అంత లాభదాయకమైనప్పుడు తోట ఎందుకు? ద్రాక్షను మరెక్కడి నుండో తెచ్చి, రహదారి పక్కన భవనం కట్టి, విందులకు, వివాహాలకు అద్దెకిస్తే సరిపోదా? ఈ ప్రశ్న ఊహాత్మకమైనది కాదు. నాపా ప్రజలు అర్ధశతాబ్దికి పైగా తగువులాడుకుంటున్నది దీని చుట్టూనే.

1968లో నాపా కౌంటీ, దేశంలోనే మొదటిసారిగా, లోయలోని సేద్యపు భూమిని ‘వ్యవసాయ సంరక్షిత ప్రాంతం’గా ప్రకటించింది. ఆ భూమిని 20 ఎకరాలకు తక్కువైన ముక్కలుగా విభజించడాన్ని నిషేధించింది. తరువాత ఆ పరిమితిని 40 ఎకరాలకు పెంచింది. శాన్‌ఫ్రాన్సిస్కో అక్కడికి 80 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఇళ్ళ స్థలాలుగా అమ్ముకుంటే ఎన్నో రెట్లు ధర వచ్చే అవకాశాన్ని ఈ నిబంధన తీసివేసింది గనుక తోటల యజమానుల్లోనే కొందరు దీనిని తీవ్రంగా వ్యతిరేకించారు. వారి ఆగ్రహం అర్థం చేసుకోదగినదే. కాని చట్టం లేకపోతే ఏమి జరిగేదో చూడడానికి ఎక్కువ దూరం పోనక్కరలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన ఉన్న శాంటాక్లారా లోయ ఒకప్పుడు ప్లమ్, ఆప్రికాట్ తోటలకు ప్రసిద్ధి. వసంతంలో పూలు చూడడానికే జనం వెళ్ళేవారు. ఇప్పుడు అది సిలికాన్ వ్యాలీ. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న వేలాది తెలుగు కుటుంబాలు ఒకనాటి పండ్లతోటల మీద కట్టిన ఇళ్ళలో నివసిస్తూ, సెలవు రోజున తోటలు చూడడానికి ఉత్తరాన ఉన్న నాపాకు కారులో వెళుతున్నాయి. రెండు లోయల నేలలూ సారవంతమైనవే. ఒకదానికి చట్టం రక్షణగా నిలిచింది, మరొకదానికి నిలవలేదు.

1990లో వచ్చిన ‘వైనరీ నిర్వచన శాసనం’ మరొక మెట్టు. వైనరీ అంటే ఏమిటో అది నిర్వచించింది. కొత్తగా కట్టే వైనరీకి కనీసం 10 ఎకరాల స్థలం ఉండాలి. అందులో వాడే ద్రాక్షలో 75 శాతం నాపా కౌంటీలో పండినదై ఉండాలి. కొత్త వైనరీలకు సందర్శకులు ముందుగా సమయం నిర్ణయించుకొనే రావాలి. రుచి చూపించడం, అమ్మడం, అతిథి సత్కారాలు అన్నీ వైన్ తయారీకి అనుబంధంగా, దానికి లోబడి ఉండాలే తప్ప దానిని మించరాదు. అదే సంవత్సరం ప్రజలు ఓటువేసి ఆమోదించిన మరో చట్టం ప్రకారం, వ్యవసాయ భూమిని ఇతర అవసరాలకు మార్చాలంటే కౌంటీ పాలకుల నిర్ణయం చాలదు, ఓటర్ల అంగీకారం కావాలి. ఈ నిబంధనను 2008లో మరల ఓటు ద్వారా 2058 వరకు పొడిగించారు. పాలకవర్గాలు మారినా చెరగని విధంగా ఒక తరం తన తరువాతి తరానికి భూమిని రాసిచ్చిన పత్రంగా దీనిని భావించవచ్చు.

ఇంత చేసినా తగువు తీరలేదు. 2010లో శాసనాన్ని సవరించి విక్రయ ప్రచార కార్యక్రమాలకు కొంత వెసులుబాటు ఇచ్చారు. వైన్‌తో పాటు ఆహారం వడ్డించడం మొదలైన తరువాత, రుచి చూపించడం ఎక్కడ ముగిసి భోజనశాల ఎక్కడ ఆరంభమవుతుందో చెప్పడం కష్టమైంది. లోయ పొడవునా సాగే రెండు ప్రధాన రహదారులు వారాంతాల్లో కార్లతో నిండిపోతున్నాయని స్థానికుల ఫిర్యాదు. 2018లో కొండవాలుల్లో కొత్త తోటల కోసం ఓక్ చెట్లను నరకడాన్ని నియంత్రించే ప్రతిపాదన ఓటుకు వచ్చి, అతి స్వల్ప తేడాతో వీగిపోయింది. ఇక్కడ గమనించవలసిన విశేషం: ఈసారి అదుపు చేయాలని కోరింది ఇళ్ళ స్థలాల వ్యాపారాన్ని కాదు, ద్రాక్షతోటనే. విజయవంతమైన పంట కూడా తన చుట్టూ ఉన్న అడవికి, నీటికి ముప్పు తేగలదు.

అతిథుల రాకపోకల్లో సస్యరక్షణకు సంబంధించిన పార్శ్వం ఒకటుంది. పర్యాటక నివేదికల్లో అది కనిపించదు కాబట్టి వ్యవసాయ శాస్త్రవేత్తలే దానిని లేవనెత్తాలి. ద్రాక్ష వేళ్ళను నాశనం చేసే ఫిల్లోక్సెరా అనే సూక్ష్మ కీటకం మట్టితో పాటు చెప్పులకు, చక్రాలకు, పనిముట్లకు అంటుకొని తోట నుండి తోటకు చేరగలదు. ఆస్ట్రేలియాలోని యారా లోయలో 2006లో ఇది బయటపడింది. ఆ దేశంలో ద్రాక్షసాళ్ళలోకి అడుగుపెట్టేవారు పాదరక్షలను సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో శుద్ధిచేసుకోవాలనే నియమం ఉన్నది ఇందుకే. నాపాలోనే 2009లో ఐరోపా ద్రాక్ష గెలల పురుగు కనిపించింది. కౌంటీ, రాష్ట్ర, కేంద్ర అధికారులు, విశ్వవిద్యాలయం, రైతులు ఏకమై ఏళ్ళ తరబడి ఎరబుట్టలతో, మగ పురుగులను తికమకపెట్టే లింగాకర్షక రసాయనాలతో పోరాడగా 2016లో దానిని నిర్మూలించినట్లు ప్రకటించారు. సందర్శకుడే పురుగును మోసుకొచ్చాడని దీని అర్థం కాదు. రాకపోకలు పెరిగిన చోట నిఘా కూడా పెరగాలని మాత్రమే. సాళ్ళ మధ్యకు వెళ్ళి ఛాయాచిత్రాలు తీసుకొనే అలవాటు ప్రబలిన ఈ కాలంలో, గేటు దగ్గర ఒక ద్రావణపు తొట్టె పెట్టని తోట పర్యాటకానికి సిద్ధంగా లేనట్లే లెక్క.

ఫిల్లోక్సెరా ప్రస్తావన వచ్చింది కనుక మరొక సంగతి. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం దశాబ్దాల పాటు ఏఎక్స్‌ఆర్-1 అనే వేరుమూలాన్ని సిఫారసు చేసింది. దిగుబడి బాగుండేది, కాని ఇతర దేశాల్లో అది ఈ కీటకానికి లొంగిన చరిత్ర అప్పటికే ఉంది. 1983లో నాపాలో కొత్త జీవరూపం బయటపడిన తరువాత వేలాది ఎకరాల తోటలు పెరికి తిరిగి నాటవలసి వచ్చింది. ఆ భారం మోసినవారిలో రుచి గది ఉన్నవారు తట్టుకొని నిలబడడం తేలిక. ద్రాక్షను టన్ను లెక్కన అమ్ముకొనే రైతుకు ఆ ఆసరా లేదు. పరిశోధనా సంస్థల సిఫారసు ఎంత దూరం పోతుందో గుర్తుంచుకోవడానికి ఈ ఉదాహరణ ప్రతి వ్యవసాయ కళాశాలలోనూ బోధించదగినది.

రుచి గదిలోని రుచిని పరిశోధకులు మరో కారణంగా కూడా సందేహించాలి. కాలిఫోర్నియాలో జరిగి 2008లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఒకే వైన్‌ను వేర్వేరు ధరలు చెప్పి ఇచ్చినప్పుడు, ధర ఎక్కువని విన్నవారు ఎక్కువ ఆనందించినట్లు చెప్పడమే కాక, మెదడు చిత్రాల్లోనూ ఆ తేడా కనిపించింది. కొండ దృశ్యం, చల్లని గాలి, ఆదరణ, ఖరీదైన గ్లాసు అన్నీ కలిసి నాలుకను ఒప్పిస్తాయి. అందుకే ఇంద్రియ పరీక్షా ప్రయోగశాలలో నమూనాలకు మూడంకెల సంకేతాలిచ్చి, విడివిడి గదుల్లో, పేరు తెలియకుండా రుచి చూపిస్తారు. డేవిస్‌లో మేనార్డ్ అమెరిన్ తదితరులు రూపొందించిన 20 మార్కుల పట్టిక, ఆన్ నోబుల్ 1980లలో తయారుచేసిన సువాసనల చక్రం ఆ క్రమశిక్షణ నుండి పుట్టినవే. అమ్మకానికి గది, నిర్ణయానికి ప్రయోగశాల. తెలుగు రాష్ట్రాల్లో మామిడి, బెల్లం, మిరప, కాఫీ రకాలను విడుదల చేసేటప్పుడు దిగుబడికి, తెగులు నిరోధకతకు ఇచ్చే శ్రద్ధలో పదో వంతైనా ఈ శాస్త్రానికి ఇస్తే, రైతు తన సరుకును గురించి చెప్పుకోవడానికి మాటలు దొరుకుతాయి.

తోటలో పనిచేసేవారి విషయం నాపాలో ఆలస్యంగానైనా చర్చకు వచ్చింది. కోత కాలంలో వచ్చే వలస కూలీలు అద్దెలు భరించలేక కార్లలోను, నది ఒడ్డునా పడుకొనే స్థితి ఉండేది. 2002 నుండి తోటల యజమానులు ఎకరానికి ఇంతని తమ మీద తామే రుసుము విధించుకొని, కూలీల వసతి కేంద్రాల నిర్వహణకు చెల్లిస్తున్నారు. మూడు కేంద్రాల్లో కలిపి 180 పడకలు. లోయ అవసరానికి ఇది చాలదు. అయినా రుచి గదిలోని ఆదాయానికి, గెల కోసే చేతికి సంబంధముందని లెక్కల్లో ఒప్పుకున్న ఏర్పాటు ఇది.

ఈ నమూనా భారతదేశానికి ఎప్పుడో వచ్చింది. మహారాష్ట్ర 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ పరిశ్రమ విధానాన్ని ప్రకటించింది. నాసిక్‌లో సులా వైన్‌యార్డ్స్‌ను నెలకొల్పిన రాజీవ్ సామంత్ కాలిఫోర్నియాలో చదివి వచ్చినవాడు. ఆయనకు సలహాదారుగా ఉన్నది అక్కడి వైన్ నిపుణుడు కెర్రీ డాంస్కీ. 2005లో ఆ సంస్థ టేస్టింగ్ రూమ్ తెరిచింది. ముంబయి, పుణె నుండి వచ్చేవారితో అది యాత్రాస్థలమైంది. మరోవైపు 2008-09 మాంద్యంలో వైన్ నిల్వలు పేరుకుపోయినప్పుడు, కొన్ని వైనరీలు ద్రాక్ష కొనలేక చేతులెత్తేశాయి. వైన్ రకాలు నాటిన రైతులు అనేకులు తీగలు పెరికివేశారు, లేదా తినే రకాల వైపు మళ్ళారు. వైన్ ద్రాక్షను సంతలో తినే పండుగా అమ్మలేరు: గింజ ఎక్కువ, పండు చిన్నది, తొక్క మందం. గది ఉన్నవాడు మాంద్యాన్ని దాటాడు; గదికి పండు పోసినవాడు దాటలేకపోయాడు. ఒప్పంద సేద్యపు పత్రంలో ఈ నష్టం ఎవరిదో ముందుగా రాసుకోకపోవడమే దీనికి మూలం.

తెలుగు నేలకు ద్రాక్ష కొత్త కాదు. హైదరాబాదులో అబ్దుల్ బాకర్ ఖాన్ పెంచి ప్రచారంలోకి తెచ్చిన అనాబ్-ఎ-షాహి ఒకప్పుడు నగరం చుట్టూ పందిళ్ళ నిండా పండింది. తరువాత థాంసన్ సీడ్‌లెస్ వచ్చింది. శీతకాల నిద్ర లేని ఈ ఉష్ణమండలంలో ఏటా రెండుసార్లు కత్తిరించి ఒకే పంట తీసే విద్యను ఇక్కడి రైతులు, రాజేంద్రనగర్ పరిశోధకులు దశాబ్దాలుగా సాధించారు. బూజు తెగులు, కూలీల కొరత, అడుగంటిన బోర్లు ఆ తోటలను దెబ్బతీసిన మాట నిజమే. కాని చివరి దెబ్బ వేసింది భూమి ధర. పందిరి రాళ్ళు పీకిన చోట ప్లాట్ల సరిహద్దు రాళ్ళు పాతారు. నాపా 1968లో చేసినంత పని రంగారెడ్డి జిల్లాలో జరగలేదు. ఇప్పుడు మిగిలిన కొద్ది తోటలు నగరవాసులను పిలిచి, బుట్ట చేతికిచ్చి, కోసుకున్నంత తూచి అమ్ముతున్నాయి. మంచి ప్రయత్నమే, అయితే తోట నిలిచే హామీ లేని చోట, ఆ అమ్మకం భూమికి తగిన ధర వచ్చేవరకు సాగే తాత్కాలిక ఏర్పాటుగానే మిగులుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో వైన్ పర్యాటకాన్ని ప్రోత్సహించాలని ఇక్కడ వాదించడం లేదు. మద్యం ఆరోగ్యానికి చేసే హాని, రాజ్యాంగం 47వ అధికరణంలోని ఆదేశం తెలిసినవే. నాపా నుండి తెచ్చుకోవలసినది సీసా కాదు, నిర్వచనం. ఆ నిర్వచనం అత్యవసరమైన చోటు అరకు. 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. వెండి ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగల నడుమ గిరిజన రైతులు పండించే ఆ కాఫీ పారిస్ దాకా వెళ్ళింది. విశాఖపట్నం నుండి రైలెక్కి లోయ చూడడానికి వచ్చే జనం ఏటా వస్తూనే ఉన్నారు. రుచి గదికి కావలసిన సమస్తమూ అక్కడ ఉంది. నాపా కన్నా బలమైన భూరక్షణ కూడా ఉంది: షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయడాన్ని 1970లోని ఒకటో రెగ్యులేషన్ నిషేధిస్తోంది. లేనిది ఒక్కటే. లోయలోని దుకాణంలో పోసే కప్పులో ఎంత శాతం ఆ కొండల కాఫీ ఉండాలో, దానిని పోసే హక్కులో పండించిన కుటుంబానికి ఎంత వాటా ఉండాలో, ఎన్ని ఎకరాల తోటకు ఎన్ని గదుల విశ్రాంతి భవనాన్ని అనుమతించాలో చెప్పే నిబంధన.

ఆ నిబంధనను రూపొందించే పని పర్యాటక శాఖ ఒక్కదానికే వదిలివేస్తే, అది గదుల సంఖ్యతో మొదలై గదుల సంఖ్యతో ముగుస్తుంది. ఉద్యాన శాఖ, కాఫీ బోర్డు, వ్యవసాయ విశ్వవిద్యాలయపు పరిశోధనా కేంద్రం, రైతుల సంఘాలు కలిసి కూర్చోవాలి. కాయతొలిచే పురుగు ఉన్న తోటలోకి సందర్శకులను ఏ నెలల్లో పంపరాదో కీటక శాస్త్రవేత్త చెప్పాలి. పండు కోసిన రోజునే గుజ్జు తీసి పులియబెట్టడం, ఎండబెట్టడం, వేయించడం, రుచి చూపించడం తోట దగ్గరే జరగాలంటే ఎంత నీరు, ఎంత విద్యుత్తు కావాలో ఇంజనీరు లెక్కగట్టాలి. కప్పు రుచిని నిర్ణయించి మాటల్లో చెప్పగల శిక్షణ గిరిజన యువతకు ఇవ్వాలి. దీనికి పెద్ద భవనం అక్కరలేదు, సంకేతాంకాలు వేసిన గిన్నెలు, చెంచాలు, మరిగే నీరు, ఓపికగల బోధకుడు చాలు. రాబోయే కోత నవంబరులో మొదలవుతుంది. ఆ లోగా ఒక గ్రామంలోనైనా, రెండెకరాల రైతు ముంగిట్లో, బల్ల వేసి చూడవచ్చు.